భూషయ్య ఎవరే?

మొన్న ఖమ్మంలో ఒక పెద్ద గ్రంథాలయం వాళ్లు, తల్లిదండ్రులూ పిల్లలూ తాతలూ అవ్వలూ అందరూ కలిసి వచ్చి చదువుకునే పండుగ చేస్తున్నామని నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. నా రాతలు చదివి పిలిచారని మురిసిపోయేంత వెర్రిదాన్ని కాను. రావాల్సిన టీవీ ఆయన చివరి నిమిషంలో చెయ్యిచ్చాడట. ఫోన్ చేసిన శ్రావ్య అనే అమ్మాయి, ఆ పండుగ నడిపించేది తనే, "అర్జెంటుగా ఎవరో ఒక రచయిత కావాలి మేడమ్" అని నోరు జారింది. ఎవరో ఒకరిలో నేనూ ఒకదాన్నే కదా అని ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరాను. గేటు దగ్గర బెలూన్ల తోరణం. అది దాటగానే ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి రెండు చేతులూ చాపి నన్ను కౌగిలించుకోబోయాడు. మా అడవి వైపు ఎలుగుబంటి కనబడితే చెప్పులు వదిలేసి పరుగెత్తుతాం. వీళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. లోపల పాప్‌కార్న్ బండి, చెవులు పగిలే పాటలు, పిల్లల మొహాలకు రంగులు వేసే బల్ల. చదువు ఒక్కటి తప్ప సమస్తం ఉంది. వేదిక మీద పాపం ఒక టీచరమ్మ మైకు పట్టుకుని కథ చదువుతోంది. ఆమె ముందు కుర్చీల్లో ఇద్దరే ఇద్దరు. ఒకాయన నిద్రపోతున్నాడు, రెండో ఆయన మైకు వాడు.

శ్రావ్య వచ్చి నన్ను ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, నా ముందు కట్టలు కట్టలు సర్టిఫికెట్లు పడేసింది. నెల రోజుల పఠన పోటీ పెట్టారట. ముప్పై రోజులు, ముప్పై పుస్తకాలు. 'ఈ చిరంజీవి ముప్పై పుస్తకాలు పూర్తిగా చదివినట్లు ధ్రువీకరించడమైనది' అని బంగారు అక్షరాలు, కింద ముఖ్య అతిథి సంతకానికి చోటు. "చదివారని నాకెట్లా తెలుస్తుందమ్మా?" అన్నాను. "పేరెంట్స్ ఆన్‌లైన్‌లో టిక్ పెట్టిండ్రు మేడమ్. మీరు జల్దీ సైన్ చేస్తే ఫోటో సెషన్‌కి పోదాం" అంది. అక్కడే మొహానికి పులి చారలు పూసుకుని ఒక పిల్ల తన సర్టిఫికెట్ కోసం తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఏడేళ్లుంటాయేమో. దగ్గరికి పిలిచాను.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"ముప్పై బుక్సూ ఇరవై రోజుల్లనే కొట్టేసింది మేడమ్" అని తల్లి జవాబు చెప్పింది.

"ఒక కథ చెప్పు చూద్దాం."

పిల్ల ఒకసారి తల్లి మొహం చూసింది. తర్వాత నా మొహం చూసింది. "ఒక కుందేలు ఉంటది" అంది.

"ఊ, తర్వాత?"

"తర్వాత అయిపోతది."

నాకు నవ్వాగలేదు. పైకే నవ్వేశాను. తల్లి మొహం ముడుచుకుంది. ముడుచుకోనీ. ఇరవై రోజుల్లో ముప్పై పుస్తకాలు కొట్టేసిందట, అవేమన్నా దోమలా! అబద్ధం అని తెలిసీ టిక్ పెట్టిన తల్లుల్నీ, ఆ టిక్కుల్ని లెక్కగట్టి బంగారు అక్షరాలు అచ్చువేయించిన పెద్దమనుషుల్నీ మనసులో కడిగి పారేస్తూ, కట్టంతా ఒక్క ఊపున సంతకాలు గీకేశాను. నాకేం పోయింది. రేపు వీళ్లే పెద్దయి ఇంకొకరి కట్ట మీద ఇట్లాగే గీకుతారు.

ఫోటో ఎక్కడయ్యా అంటే, పుస్తకాల సింహాసనం మీద. నిజమే చెబుతున్నాను. ఊళ్ల గ్రంథాలయాల నుంచి వచ్చిపడి, పనికిరావని పక్కన పడేసిన పాత పుస్తకాలన్నీ ఇటుకల్లా పేర్చి పెద్ద కుర్చీ కట్టారు. చుట్టూ ఎర్ర తాడు. తాడుకు అట్టముక్క వేలాడదీశారు. 'పుస్తకాలను తాకరాదు.' చదువుల పండుగలో పుస్తకాన్ని తాకరాదు గానీ దానిమీద కూర్చోవచ్చు! నోటికొచ్చిన మాట అనబోతూ, ఆ సింహాసనం చేతి కింద ఉన్న ఒక లావుపాటి పుస్తకం దగ్గర ఆగిపోయాను. ముదురాకుపచ్చ గుడ్డ అట్ట. అట్ట మూలన పావలా అంత కాలిన మచ్చ. ఆ మచ్చ ఎవరి చుట్ట చేసిందో ఈ భూమ్మీద ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

మా నాయనమ్మది ఆ చుట్ట. మేము అప్పుడు సారపాకలో ఉండేవాళ్లం. నాయిన వెదురు డిపోలో గుమాస్తా. అడవి నుంచి కాగితం మిల్లుకు పోయే వెదురు లారీలు మా వాకిలి ముందు నుంచే పోయేవి, ఇల్లంతా పచ్చి వెదురు వాసన కొట్టేది. దానిమీద మోదుగాకుల వాసన, దానిమీద నాయనమ్మ చుట్ట వాసన. ఈ మూడూ కలిస్తే నాకు మధ్యాహ్నం. అన్నాలు తిన్నాక నాయనమ్మ వసారాలో గోనెపట్టా పరుచుకుని, ఆకుల మీద నీళ్లు చిలకరించి, విస్తళ్లు కుట్టడానికి కూర్చునేది. డిపోలో పారేసిన వెదురు పేళ్లను నాయిన తెచ్చి ఇస్తే వాటిని సన్నగా చీల్చి పుల్లలు చేసుకునేది. వెలుగుతున్న చుట్టను పక్కన పెట్టి, ఆ పుల్లలు పదీ పదిహేను పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీస్తూ ఆకులు కుట్టేది. నేను పక్కన కూర్చుని పుస్తకం పైకి చదవాలి. నోట్లో పుల్లలుంటాయి కాబట్టి మాట్లాడలేదు, "ఊ" అని మాత్రం అనగలదు. వాక్యానికొక "ఊ". ఆ "ఊ" రాకపోతే కథ ఆమె వరకు చేరలేదని లెక్క, మళ్లీ మొదటి నుంచి చదవాలి. అమ్మకు ఈ వ్యవహారమంటే ఒళ్లు మంట. "అత్త చెవుల పడ్డది, పోరి నోట్ల పడ్డది, బోళ్లు ఎవలు తోమాలె?" అని లోపల్నుంచి వినబడేట్టు సణిగేది.

నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ పుస్తకం ఎంత అయిందో, ఎంత మిగిలిందో ఆమెకు తెలిసినంత నాకు తెలిసేది కాదు. రోజూ చదవడం ఆగిన చోట విస్తరి పుల్ల ఒకటి విరిచి పేజీల మధ్య పెట్టేది. పాత పుల్లలు తియ్యనిచ్చేది కాదు. మర్నాడు మొదలుపెట్టే ముందు, అయిపోయిన భాగాన్నీ మిగిలిన భాగాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కి చూసుకునేది, బజారులో గుడ్డ మందం చూసుకున్నట్టు. "ఇంక రెండు వేళ్ల మందం ఉన్నది, ఐతారం దాకొస్తది" అనేది. వచ్చేది కూడా. పుస్తకాలిచ్చే యాకూబ్ సార్‌కు ఈ పుల్లలంటే ప్రాణం విసిగిపోయేది. ఆయన గ్రంథాలయం ఏదో స్వర్గమని నేను చెప్పను. వానొస్తే మూడు చోట్ల కారే పెంకుల కొంప. నాలుగు బీరువాలుంటే ఒకదాని తాళంచెవి నేను పుట్టకముందే పోయింది. పేపరు కోసం ముసలాళ్లు కొట్టుకునేవాళ్లు. ఆకుపచ్చ అట్ట పుస్తకం మీద చుట్ట నిప్పు పడినప్పుడు సార్ మా ఇంటికే వచ్చాడు. "అమ్మా, నువ్వు పుస్తకం వింటున్నవా, కాల్చుకొని తాగుతున్నవా?" అన్నాడు. నాయనమ్మ ఏమీ తగ్గలేదు. "కథ గట్ల రాసిండు మరి, చుట్ట యాదికుంటదా?" అంది.

ఒక విషయంలో మాత్రం ఆమెతో పరాచికాలు కుదిరేవి కాదు. అది వేలిముద్ర. వయసులో ఉన్నప్పుడు ఎవరో ఒకాయన కాగితం తెచ్చి, పై నాలుగు లైన్లు చదివి వినిపించి, కింద వేలు పెట్టమంటే పెట్టింది. చదవని లైన్లలో ఆమె ఎకరం చెలక భూమి పోయింది. అప్పట్నుంచి రేషన్ షాపులో అయినా, దవాఖానాలో అయినా, కాగితం మొత్తం చదివి వినిపిస్తే తప్ప వేలు చాపేది కాదు. వెనకాల మనుషులు లైన్లో నిలబడి తిట్టేవాళ్లు. ఈమె మాత్రం కుడి బొటనవేలిని పిడికిట్లో దాచుకుని, "కింద ఇంకో లైను కనపడ్తాంది, గదేంది?" అని అడిగేది.

ఇట్లా ఉండగా యాకూబ్ సార్‌కు ఒక ఆలోచన పుట్టింది. ఇళ్లల్లో చదువురాని పెద్దలకు ఏ పిల్లలు ఎక్కువ పుస్తకాలు చదివి వినిపిస్తారో వాళ్లకు బహుమతి అన్నాడు. పుస్తకానికొక చీటీ. 'ఈ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా విన్నాను' అని దానిమీద సార్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చేవాడు, కింద విన్నవాళ్ల వేలిముద్ర పడాలి. బహుమతి ఫౌంటెన్ పెన్ను. అది సార్ బల్ల మీద గాజు గ్లాసులో నిలబెట్టి ఉండేది. మెరిసే మూత. దానికోసం నేను ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా. మిల్లు క్వార్టర్స్‌లో ఉండే ఒక పిల్ల నాకు పోటీ. గడువు ఆఖరి రోజుకు దానికి పది చీటీలు, నాకు పది. పదకొండోది ఆకుపచ్చ అట్ట పుస్తకం. గోదావరి మీద పడవ నడిపే చిట్టెమ్మ అనే ఆమె కథ. మూడో వంతు అయింది. మిగిలింది ఒక్క మధ్యాహ్నంలో అయ్యేది కాదు. సాయంత్రం లోపల చీటీ ఇవ్వాలి.

చదవడం మొదలుపెట్టాను. నాయనమ్మ నోట్లో పుల్లలు, ఒళ్లో ఆకులు. "ఊ". "ఊ". ఆమె కొత్త ఆకు కోసం పక్కకు వంగినప్పుడు నేను పేజీ తిప్పలేదు, గుప్పెడు పేజీలు తిప్పాను. గొంతు ఆపకుండా చదువుకుంటూ పోయాను. చిట్టెమ్మ అక్కడిదాకా రేవులో వంట చేసుకుంటోంది, ఇక్కడ ముసలిదై మంచంలో ఉంది. "ఊ" రాలేదు. మళ్లీ చదివాను. కొంచెం ఆగి, "ఊ" అంది. చివరికి చిట్టెమ్మ తన పడవ తెడ్డును భూషయ్య అనే అతని చేతుల్లో పెట్టి కన్ను మూసింది. కథ అయిపోయింది. నేను పుస్తకం మూశాను. నాయనమ్మ నోట్లో పుల్లలన్నీ తీసి పక్కన పెట్టింది.

"భూషయ్య ఎవరే?"

"వచ్చిండు నాయనమ్మా, కొత్తగ."

"ఆఖర్ల కొత్తగొచ్చినోనికి పడవెట్ల అప్పజెప్పింది?"

"మంచోడు, అందుకు."

నాయనమ్మ పుస్తకం తీసుకుంది. ముందటి రోజు పుల్ల ఎక్కడుందో చూసి, అక్కడ్నుంచి చివరి దాకా వేళ్ల మధ్య పట్టి నొక్కింది. చాలాసేపు పట్టుకుంది. అంత మందం ఒక్క మధ్యాహ్నంలో అవదని ఆ వేళ్లకు తెలుసు. నాకు తెలుసు వాటికి తెలుసునని.

"అంత చదివినవా బిడ్డా?"

"అవ్."

"అంత?"

"అవ్ అంటున్న గద! నీకు చదువు రాదు గాని ఎన్ని అనుమానాలో!" అని అరిచాను. పదేళ్ల పిల్లను, తప్పు నాది, కోపమూ నాదే. నాయనమ్మ సిరా డబ్బీ దగ్గరికి లాక్కుని, పిడికిట్లోంచి ఆ బొటనవేలు బయటికి తీసి, చీటీ మీద నొక్కింది. చీటీ చదివి వినిపించమని కూడా అడగలేదు. అదొక్కటే సారి అడగకపోవడం.

బహుమతి రోజు ఊరంతా వచ్చింది. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అదీ కుటుంబాల పండుగే. ఈత చాపలు పరిచారు, మరమరాలూ బెల్లమూ పెట్టారు. ముసలాళ్లందరూ తామే పరీక్ష పాసైనట్టు ముందు వరసలో కూర్చున్నారు. నాకు పెన్ను వచ్చింది. నాయనమ్మ చప్పట్లు కొట్టింది. ఆ మర్నాటి నుంచి వారం రోజులు ఒక వింత జరిగింది. మధ్యాహ్నం అన్నం తినగానే ఆమె చెంబు నిండా చల్ల పోసుకుని, విస్తళ్ల పని మానేసి, గ్రంథాలయానికి పోయేది. "ఎందుకత్తా?" అని అమ్మ అడిగితే, "సారుకు చల్ల పోసొస్త" అనేది. చల్ల పోసి రావడానికి గంటన్నర పట్టేది. నాకదేమీ పట్టలేదు. చదివే పని తప్పిందని సంతోషపడి, కొత్త పెన్నుతో గోడలన్నీ పాడుచేస్తూ తిరిగాను. తర్వాత మళ్లీ మామూలే, నేను చదివేదాన్ని, ఆమె "ఊ" కొట్టేది, పుల్లలు పెట్టేది, వేళ్లతో నొక్కి చూసేది. అంతా చదివావా అని మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు. నామీద నమ్మకం కుదిరిందనుకున్నాను. ఆమె పోయేదాకా అట్లాగే అనుకున్నాను, పోయిన తర్వాత కూడా.

ఇదంతా ఎర్రతాడు ముందు నిలబడి ఆలోచించానంటే మీరు నమ్మొద్దు. ఆలోచించింది తర్వాత. అప్పుడు చేసింది మాత్రం తాడు కింద నుంచి దూరి, ఆ ఆకుపచ్చ పుస్తకాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగడం. సింహాసనం ఒక పక్క కుప్పకూలింది. "మేడమ్! మేడమ్!" అని శ్రావ్య పరుగెత్తుకొచ్చింది. ఎలుగుబంటి కూడా తల తీసి చంకలో పెట్టుకుని చూస్తోంది. సారపాక అని ఊదారంగు ముద్ర మొదటి పేజీలో అట్లాగే ఉంది. కింద కూలబడి పేజీలు తిప్పాను. చాలా పుల్లలు రాలిపోయాయి గానీ, పెట్టిన ప్రతిచోటా వెదురు రంగు గీత కాగితం మీద మిగిలిపోయింది. మొదటి గీత, రెండోది, మూడోది, అన్నీ నేను చదివిన రోజులవి. ఆఖరి రోజు మొదలుపెట్టిన చోటికి వచ్చాను. చిట్టెమ్మ రేవులో వంట చేసుకుంటోంది. నేను గుప్పెడు పేజీలు తిప్పేసింది ఇక్కడే. ఇక్కడ్నుంచి చిట్టెమ్మ మంచం పట్టేదాకా గీతలు ఉండకూడదు.

ఉన్నాయి. ఏడు. ఏడు మధ్యాహ్నాలకు ఏడు. ఒకచోట పుల్ల కూడా కుట్టు సందులో ఇరుక్కుని అట్లాగే ఉంది. గోటితో తీశాను.

చల్ల చెంబు అందుకా. యాకూబ్ సార్ పక్కన కూర్చుని, నేను మింగేసిన పేజీలన్నీ మళ్లీ చదివించుకుని విన్నదన్నమాట. నా కోసం అబద్ధం మీద వేలు పెట్టి, ఆ అబద్ధాన్ని ఏడు రోజులు కూర్చుని నిజం చేసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. సార్ నా పెన్ను వెనక్కి అడగలేదు. నేను మాత్రం ఈ యాభై దాటిన వయసులో బల్ల ముందు కూర్చుని, కుందేలు కథ చెప్పిన పిల్ల మీదా దాని తల్లి మీదా పగలబడి నవ్వి, ఒక్కటీ చదవకుండా కట్టంతా సంతకాలు పెట్టి వచ్చాను. పూర్తిగా చదివినట్లు ధ్రువీకరించడమైనది! సిగ్గులేని ముండను. ఇందాక నేను మనసులో కడిగి పారేసిన వాళ్లందరిలోకీ ముందు వరసలో ఉండాల్సింది నేను. ఆ పేజీలు నేను ఈనాటికీ చదవలేదు.

"మేడమ్, ఫోటోగ్రాఫర్ వెయిటింగ్. బుక్ తర్వాత చూస్కోవచ్చు" అంది శ్రావ్య.

"తియ్యమను, ఇక్కడే తియ్యమను" అన్నాను. లేవలేదు. ఆ అమ్మాయి విసుగ్గా ఎవరికో ఫోన్ చేయడానికి పక్కకు పోయింది.

పడిపోయిన పుస్తకాలు చూడ్డానికి పులి మొహం పిల్ల వచ్చి నిలబడింది. చేతిలో నేను సంతకం పెట్టిన సర్టిఫికెట్ చుట్ట చుట్టుకుని ఉంది. వంగి నా ఒళ్లోని పుస్తకంలోకి చూసింది. "బొమ్మల్లేవా?" అంది.

"లేవు. భూషయ్య ఉన్నడు."

"భూషయ్య ఎవరు?"

"నాకూ తెల్వదు బిడ్డా. కూసో."

కూర్చుంది. నేను చదువుతుంటే నువ్వు ఊ అనాలి, వినకుండా ఊ అంటే ఊరుకోను అని చెప్పాను. తలాడించింది. గ్రంథాలయం నిండా పాటలు మోగుతున్నాయి. అప్పుడు నేను తిప్పేసిన చోట వేలు పెట్టి, గొంతు పెద్దది చేసుకుని చదివాను. "ఆ పొద్దు అవతలి ఒడ్డున ఒక్క మనిషే నిలబడి ఉన్నాడు."

"ఊ" అంది పిల్ల.